ఉబ్బసం ఏ బిడ్డకు, ఎంతమందికి?

ఉబ్బసం శ్వాసనాళాలు అతిగా ఉలిక్కిపడే జబ్బు. మామూలు పిల్లవాడు దుమ్ములో ఆడితే రెండు తుమ్ములు తుమ్మి ఊరుకుంటాడు. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి అదే దుమ్ముతో నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపలి పొర వాస్తుంది, చిక్కటి తెమడ అడ్డం పడుతుంది. సన్నబడిన దారిలోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించే ఈల చప్పుడే పిల్లికూతలు. పసివాళ్ళకు ఇబ్బంది మరీ ఎక్కువ. గొట్టం వ్యాసార్ధం సగమైతే గాలికి ఎదురయ్యే అడ్డు రెండింతలు కాదు, పదహారింతలవుతుంది. పెద్దవాళ్ళలో జలుబుతో పోయే వాపు ఏడాది బిడ్డకు డొక్కలెగరేసే ఆయాసమవుతుంది.

తెలుగు ఇళ్ళలో 'ఒంటికి పడదు' అనే మాటకు వైద్యం పెట్టిన పేరు అలర్జీ. పుప్పొడి, దుమ్ముపురుగు, వేరుశనగ, గుడ్డు లాంటివి స్వతహాగా హాని చేసేవి కావు. కొందరి రోగనిరోధక వ్యవస్థ మాత్రం వాటిని శత్రువుల జాబితాలో రాసుకుని, ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేసుకుంటుంది. 1960ల చివర అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ దీన్ని విడివిడిగా పట్టుకున్నారు. అలర్జీ తత్వం ఉన్న పిల్లల్లో జబ్బులు తరచు ఒక వరసలో వస్తాయి. మొదటి ఏడాదిలో చర్మం పొడిబారి దురద పెట్టే ఎగ్జిమా, ఆ వెంటనే ఆహారపు అలర్జీ, బడి ఈడుకు ఉబ్బసం, ఆ తర్వాత ముక్కు కారడం, కళ్ళు దురద. అందరూ ఈ మెట్లన్నీ ఎక్కరు. అలర్జీ ఏమీ లేకుండా ఉబ్బసం ఒక్కటే ఉన్న పిల్లలూ ఉన్నారు.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందని వైద్యుల కన్నా ముందు అమ్మమ్మలకే తెలుసు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉబ్బసం ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపవుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా పెరుగుతుంది. కుటుంబం జన్యువులతో పాటు వంటిల్లును, పరుపును, తండ్రి కాల్చే సిగరెట్టును కూడా పంచుకుంటుంది కాబట్టి, ఈ రెంటినీ విడదీయడానికి పరిశోధకులు కవలలను చూస్తారు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఉబ్బసం ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం, మామూలు కవలల్లో కన్నా చాలా ఎక్కువ. ఇలాంటి లెక్కల నుంచే బాల్యపు ఉబ్బసంలో వారసత్వం వాటా 60 నుంచి 80 శాతం దాకా ఉంటుందన్న అంకె వచ్చింది.

ఈ అంకెను తప్పుగా చదవడం చాలా తేలిక. ఒకే మడిలో, ఒకే నీటికింద రెండు రకాల వరి వేస్తే, దుబ్బుల ఎత్తులో కనిపించే తేడా అంతా విత్తనానిదే. అవే రెండు రకాలను నీరందని కాలువ చివర వేస్తే రెండూ గిడసబారతాయి. మొదటి మడిలో తేడా విత్తనానిదే అన్న లెక్కలో తప్పు లేదు, కానీ నీటి సంగతి ఆ లెక్క చెప్పదు. ఉబ్బసంలోనూ అంతే. ఒకే రకం పరిసరాల్లో పెరిగిన పిల్లల్లో ఏ బిడ్డకు వస్తుందన్నది చాలావరకు జన్యువుల పని. ఒక ఊళ్ళో, ఒక తరంలో మొత్తం ఎంతమందికి వస్తుందన్నది చాలావరకు పరిసరాల పని. ఈ రెండు ప్రశ్నలను కలిపేయడం వల్లే ఈ విషయం మీద సగం వాదనలు పుట్టాయి.

జన్యువుల బలం బట్టబయలుగా కనిపించే చోటు దక్షిణ అట్లాంటిక్ మధ్యలోని ట్రిస్టన్ ద కూనా. 19వ శతాబ్దంలో అక్కడ స్థిరపడిన పదిహేనుమంది దాకా ఉన్న మూలపురుషుల, స్త్రీల సంతానమే ఇవాళ్టి జనం. మొత్తం 300 మంది కూడా లేరు. ఆ తొలి వలసదారుల్లో కొందరికి ఉబ్బసం ఉండేది. 1990లలో కెనడా పరిశోధకులు వెళ్ళి పరీక్షించినప్పుడు, ద్వీపవాసుల్లో సగానికి పైగా మందిలో ఎంతో కొంత ఉబ్బసం జాడ దొరికింది. కారు పొగ లేదు, కార్ఖానా లేదు, చుట్టూ వందల మైళ్ళ సముద్రగాలి. కొద్దిమందితో మొదలైన వంశంలో ఒక ధోరణి ఎలా చిక్కబడుతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

అలాగని ఉబ్బసానికి ఒక జన్యువంటూ లేదు. మేనరికాల గురించి మాట్లాడేటప్పుడు చెప్పే 'ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తే జబ్బు' అన్న లెక్క దీనికి సరిపోదు. ఇక్కడ డజన్ల కొద్దీ జన్యుస్థానాలు తలా కొంచెం ముప్పు చేరుస్తాయి. 2007లో లండన్ పరిశోధకులు మఫాట్, కుక్సన్‌ల బృందం 17వ క్రోమోజోమ్ మీద 17క్యూ21 అనే చోటును గుర్తించింది. అక్కడి ఓఆర్‌ఎండీఎల్3, జీఎస్‌డీఎంబీ జన్యువుల పనితీరులో తేడాలు చిన్నప్పుడే మొదలయ్యే ఉబ్బసంతో ముడిపడి ఉన్నాయి, పెద్దయ్యాక వచ్చే దానితో అంతగా లేవు. మరో విశేషం, ఇవి ఐజీఈ మోతాదును పెద్దగా కదిలించవు. ఉబ్బసం, అలర్జీ అన్నదమ్ములే తప్ప ఒకటే మనిషి కాదని ఆ చోటు చెప్పింది. ఆ తర్వాత ఐఎల్33, టీఎస్‌ఎల్‌పీ లాంటి పేర్లు వరసగా వచ్చాయి. వీటిలో చాలావాటి పని శ్వాసనాళం గోడ దగ్గర, దెబ్బ తగిలినప్పుడు ఆ గోడ వేసే కేక దగ్గర తేలింది. దొరికినవన్నీ కలిపినా కవలల లెక్కలో వచ్చిన వారసత్వంలో కొద్ది భాగమే తేలుతుంది. పైగా చూసిన జనంలో అత్యధికులు ఐరోపా మూలాలవాళ్ళు.

ఒక్క జన్యువు మాత్రం గుంపులోంచి తల ఎత్తి కనిపిస్తుంది. చర్మం పైపొరలో ఇటుకల్లా పేర్చి ఉన్న కణాలను గట్టిపరిచే ప్రొటీన్ ఫిలాగ్రిన్. దీని జన్యువు చెడితే ఎగ్జిమా ముప్పు బాగా పెరుగుతుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకుల బృందం చూపించింది. ఐరోపా జనంలో సుమారు పదోవంతు మంది ఈ జన్యువు చెడిన ప్రతిని ఒకదాన్ని మోస్తారు. వాళ్ళలో చాలామందిని చూసి పోల్చుకోవచ్చు: మోకాలి కింద చర్మం పొలుసులుగా ఉంటుంది, అరచేతిలో గీతలు మామూలు కన్నా లోతుగా, కిక్కిరిసి ఉంటాయి. హస్తసాముద్రికం చెప్పేవాళ్ళు ఊహించని జాతకం అది. ఐరోపాలో ఎక్కువగా కనిపించే మార్పులు ఆసియాలో అరుదు, ఇక్కడి జనాలకు వాళ్ళ సొంత మార్పులు ఉన్నాయి. అసలు విడ్డూరం వేరే ఉంది. ఊపిరితిత్తుల నాళాల పొరలో ఫిలాగ్రిన్ ఉండదు. అయినా ఈ మార్పు మోసే ఎగ్జిమా పిల్లలకు ఉబ్బసం ఎక్కువగా వస్తుంది. అంటే ఆ పిల్లల్లో ఉబ్బసానికి దారి చర్మం మీద మొదలవుతోందన్న మాట. చిల్లుపడిన చర్మంలోంచి దుమ్ము, ఆహారపు రేణువులు లోపలికి దిగి, శరీరానికి తప్పు పాఠం నేర్పుతున్నాయి.

ఇక ఎంతమందికి అన్న ప్రశ్న. 1991లో మొదలైన ఐజాక్ అనే అంతర్జాతీయ అధ్యయనం 56 దేశాల్లో పిల్లలను ఒకే ప్రశ్నలు అడిగింది. 1998లో వచ్చిన ఫలితాల్లో, 13-14 ఏళ్ళ పిల్లల్లో గత ఏడాదిలో పిల్లికూతలు వచ్చినవాళ్ళు ఇండోనేషియా, అల్బేనియా లాంటి చోట్ల నూటికి 2 నుంచి 4, బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో 30కి అటూ ఇటూ. ఇందులో భాష చిక్కు కొంత ఉంది. పిల్లికూతలకు సరైన మాట అన్ని భాషల్లో దొరకదు. అందుకే ఆయాసపడే పిల్లల వీడియో చూపించి 'నీకిలా వచ్చిందా' అని అడిగే పద్ధతి కూడా వాడారు. తెలుగునాట చిక్కు మాట లేకపోవడం కాదు, మాటలు ఎక్కువవడం. నెమ్ము, ఆయాసం, జలుబు చేసింది, అలర్జీ దగ్గు అంటూ ఎన్నో పేర్లు ఉన్నా, ఉబ్బసం అన్న ఒక్క మాటను మాత్రం ఇంట్లోవాళ్ళూ డాక్టర్లూ నోట రానివ్వరు, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో. ఈ దాచివేతకు ఖరీదుంది. అన్ని వయసులూ కలిపితే ప్రపంచపు ఉబ్బసం రోగుల్లో భారత్ వాటా సుమారు 13 శాతం కాగా, ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడివేనని 2019 అంచనాలు చెబుతాయి. రోజూ పీల్చాల్సిన మందుకు బదులు, ముంచుకొచ్చినప్పుడు నెబులైజర్ పెట్టించుకుని వచ్చేయడం ఇందుకు ఒక పెద్ద కారణం.

జన్యువులు మారకుండా చోటు మారితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు పసిఫిక్‌లోనూ ఐరోపాలోనూ ఉన్నాయి. 1966 తుపాను తర్వాత టోకెలావ్ దీవుల నుంచి చాలామంది న్యూజిలాండ్‌కు తరలిపోయారు. 1980లో వచ్చిన అధ్యయనంలో దీవుల్లో ఉండిపోయిన పిల్లల్లో నూటికి 11 మందికి, న్యూజిలాండ్‌లోని టోకెలావ్ పిల్లల్లో నూటికి 25 మందికి ఉబ్బసం కనిపించింది. బెర్లిన్ గోడ కూలాక జర్మనీలో పరిశోధకురాలు ఎరికా ఫాన్ మూటియస్ తూర్పు, పడమర పిల్లలను పోల్చింది. తూర్పున బొగ్గు పొగతో నల్లబడిన లైప్‌సిగ్‌లోనే అలర్జీలు ఎక్కువుంటాయని అంతా అనుకున్నారు. అక్కడ దగ్గులు, బ్రాంకైటిస్ ఎక్కువే. అలర్జీ జలుబు మాత్రం పడమట శుభ్రమైన మ్యూనిక్‌లోనే మూడింతలు. తూర్పు జీవనం పడమటి తీరుకు మారిన కొన్నేళ్ళలోనే లైప్‌సిగ్ పిల్లల్లోనూ అలర్జీలు పెరగడం మొదలైంది. వలస కథకు ఇంకో ముఖం మెల్‌బోర్న్‌లో ఉంది. అక్కడ ఏడాది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, తూర్పు ఆసియాలో పుట్టి వచ్చిన తల్లిదండ్రులకు అలర్జీలు తక్కువగా ఉండగా, వాళ్ళకు ఆస్ట్రేలియాలో పుట్టిన బిడ్డల్లో వేరుశనగ అలర్జీ స్థానిక కుటుంబాల బిడ్డల కన్నా ఎక్కువగా ఉంది. అదే నగరంలో 2016 నవంబరు 21న గాలివానతో పాటు గడ్డి పుప్పొడి తునకలు ఊరి మీదికి దిగి, వేలమందికి ఒక్కసారిగా ఉబ్బసం లేచి, పదిమంది చనిపోయారు. బాధితుల్లో పిల్లల కన్నా యువకులు ఎక్కువ. భారత, శ్రీలంక, ఆగ్నేయాసియా మూలాలవాళ్ళు జనాభాలో తమ వాటాను మించి ఉన్నారు.

కొత్త చోటులో ఏది మారిందన్న ప్రశ్నకు మొదటి జవాబు 1989లో బ్రిటన్ నుంచి వచ్చింది. 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17,000 మందికి పైగా పిల్లల లెక్కలు చూసిన డేవిడ్ స్ట్రాకన్‌కు, అన్నలూ అక్కలూ ఎక్కువగా ఉన్నవాళ్ళకు అలర్జీ జలుబు తక్కువని తేలింది. పెద్దపిల్లలు మోసుకొచ్చే సూక్ష్మజీవులు చిన్నవాడికి మేలు చేస్తున్నాయేమో అన్నది ఆయన ఊహ. దానికి 'పరిశుభ్రత సిద్ధాంతం' అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు చెడ్డ పేరు. చేతులు కడుక్కోవడమే జబ్బుకు మూలమన్న అపార్థం దానితోనే ప్రచారమైంది. నిజానికి తర్వాతి సాక్ష్యాలు చూపింది జబ్బు క్రిములను కాదు. నేల, పశువులు, పేగుల నుంచి వచ్చే, మనిషితో తరతరాలుగా కాపురం చేసిన సూక్ష్మజీవులను. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, బవేరియా పల్లెల్లో ఒకే ఊళ్ళో ఉన్న పిల్లల్లోనే, పశువుల కొట్టం ఉన్న ఇంటి పిల్లలకు అలర్జీలు తక్కువ. తల్లి గర్భంతో ఉండగా కొట్టంలో పనిచేసి ఉంటే ఇంకా తక్కువ.

ఈ వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 2016లో అమెరికాలో రెండు క్రైస్తవ రైతు శాఖల నుంచి వచ్చింది. ఆమిష్‌లు స్విట్జర్లాండ్ నుంచి, హటరైట్‌లు టిరోల్ పర్వతాల నుంచి బయల్దేరిన వంశాలు. జన్యుపరంగా రెండూ బాగా దగ్గర. ఇద్దరివీ పెద్ద కుటుంబాలే. ఇద్దరూ టీకాలు వేయించుకుంటారు, బిడ్డలకు చాలాకాలం తల్లిపాలు ఇస్తారు, కాచని పాలు తాగుతారు, పొగ తాగరు, ఇంట్లోకి పెంపుడు జంతువులను రానివ్వరు. తేడా సేద్యంలోనే. ఆమిష్‌లది గుర్రాలతో చేసే ఇంటి వ్యవసాయం, కొట్టం ఇంటి పక్కనే, పసివాడు పాకుతూ అక్కడికే పోతాడు. హటరైట్‌లది యంత్రాలతో నడిచే ఉమ్మడి సేద్యం, పశువులు ఇళ్ళకు దూరం. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం సుమారు 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. కరోల్ ఓబర్, డొనాటా వెర్చెల్లీల బృందం రెండు శాఖల నుంచి 30 మంది చొప్పున పిల్లలను తీసుకుని, వాళ్ళ ఇళ్ళ దుమ్ము దులిపి కొలిచింది. బాక్టీరియా గోడల నుంచి రాలే ఎండోటాక్సిన్ ఆమిష్ దుమ్ములో 6.8 రెట్లు ఎక్కువ. ఆ దుమ్మును నీళ్ళలో కలిపి చుక్కలుగా ఎలుకల ముక్కుల్లో వేస్తే, వాటికి ఉబ్బసం తెప్పించడం కష్టమైంది. హటరైట్ దుమ్ముకు ఆ గుణం లేదు. సూక్ష్మజీవుల వార్తను లోపలికి చేరవేసే మైడీ88, ట్రిఫ్ అనే రెండు ప్రొటీన్లు లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఆమిష్ దుమ్ము కూడా పనిచేయలేదు. దుమ్ము, దాన్ని చదివే జన్యువు, రెండూ ఉంటేనే రక్షణ.

ఒకే జన్యువు ఒకచోట వరం, మరోచోట శాపం కావడం ఇక్కడ కొత్త కాదు. ఎండోటాక్సిన్‌ను గుర్తించే సీడీ14 జన్యువులోని ఒక రూపం, దుమ్ములో ఎండోటాక్సిన్ ఎక్కువున్న ఇళ్ళలో అలర్జీని తగ్గిస్తే, తక్కువున్న ఇళ్ళలో ఆ మేలు కనిపించదు, కొన్నిచోట్ల తలకిందులవుతుంది. 17క్యూ21 కథ ఇంకా స్పష్టం. ముప్పు రూపం మోసే పసివాడి చుట్టూ సిగరెట్టు పొగ ఉంటే చిన్నప్పుడే మొదలయ్యే ఉబ్బసం ముప్పు ఇంకా పెరుగుతుందని 2008లో ఫ్రెంచ్ కుటుంబాల్లో తేలింది. మొదటి మూడేళ్ళలో రైనోవైరస్ జలుబుతో పిల్లికూతలు వస్తే, ఆ ముప్పు రూపం ఉన్న పిల్లల్లోనే అవి ఉబ్బసంగా మారడం చాలా ఎక్కువని 2013లో తేలింది. అదే ముప్పు రూపం ఉన్న ఐరోపా పల్లె పిల్లలకు పశువుల కొట్టం దగ్గరగా ఉంటే పిల్లికూతలు తగ్గాయి. 'ఉబ్బసంలో జన్యువులది ఇన్ని పాళ్ళు, గాలిది ఇన్ని పాళ్ళు' అని పంపకాలు వేయడం ఇందుకే కుదరదు. శరీరం జన్యువులను చదివే తీరు చుట్టుపక్కలను బట్టి మారడానికి డీఎన్‌ఏ మీద పడే మిథైల్ గుర్తులు ఒక మార్గం. గర్భిణి పొగతాగితే బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనే ఆ గుర్తులు మారినట్టు చాలా అధ్యయనాలు చూపాయి. అవి ఉబ్బసానికి కారణమా, పొగ తాకిడికి కేవలం ముద్రలా అన్నది తేలలేదు. ఈ అంశం మీద పత్రికలు రాసినంత ధీమా శాస్త్రానికి లేదు.

ఉన్న ఉబ్బసాన్ని రేపే వాటి విషయంలో సందిగ్ధం తక్కువ. బడి పిల్లల్లో ఉబ్బసం ఒక్కసారిగా ముదిరే సందర్భాల్లో నూటికి 80 దాకా వైరస్ జలుబు ఉంటుంది. పొగ సంగతి స్కాట్లాండ్ చట్టం తేల్చింది. 2006 మార్చిలో బహిరంగ స్థలాల్లో పొగతాగడం నిషేధించే ముందు పిల్లలు ఉబ్బసంతో ఆసుపత్రుల్లో చేరడం ఏటా 5 శాతం పెరుగుతుండేది, ఆ తర్వాత ఏటా 18 శాతం చొప్పున తగ్గింది. అమెరికా నగరాల పేటల్లో బొద్దింకల అలర్జీ ఉండి, పడకగదిలో బొద్దింకల దుమ్ము ఎక్కువున్న పిల్లలు ఆసుపత్రి పాలవడం మిగతా పిల్లల కన్నా మూడు రెట్లకు మించి ఉందని 1997 అధ్యయనం చెప్పింది. అంటే అన్ని దుమ్ములూ ఆమిష్ దుమ్ములు కావు. మన పల్లెల్లో కొట్టం పక్కనే కట్టెలు, పిడకల పొయ్యి ఉంటుంది. కొట్టం ఇచ్చేదాన్ని పొయ్యి పొగ లాగేసుకోవచ్చు. దుమ్ముపురుగు మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండని జీవి. రాలిన చర్మపు పొట్టు తింటుంది, గాలిలో తేమ ఉంటేనే బతుకుతుంది. తేమ ఆరని కోస్తా ఊళ్ళలో దూది పరుపులూ దిండ్లూ దానికి అనువైన నివాసాలు. ఆరుబయట వయ్యారిభామ, సర్కారు తుమ్మల పుప్పొడి ఉంది. ఇంట్లో దోమల చుట్ట, అగరొత్తి, పసిబిడ్డకు తలంటి పోశాక తడి జుట్టుకు పట్టే సాంబ్రాణి ధూపం ఉన్నాయి. ఆచారం ఎంత ముచ్చటైనదైనా, పిల్లికూతల బిడ్డకు అది నాళాలను రేపే పొగే.

పరిసరాలను మార్చి అలర్జీని నిజంగా ఆపగలిగిన ఒక చోటు వేరుశనగ. అలర్జీ వస్తుందన్న భయంతో 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, ముప్పున్న పిల్లలకు మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టవద్దని చెప్పింది. అలర్జీ తగ్గలేదు. లండన్‌లోని గిడియన్ లాక్ 2008లో ఒక తేడా చూపాడు: బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ నూటికి దాదాపు ఇద్దరికి ఉంటే, ఇజ్రాయెల్ పిల్లల్లో వెయ్యికి ఇద్దరికి కూడా లేదు. ఇజ్రాయెల్‌లో పళ్ళు రాని పిల్లలకే బాంబా అనే వేరుశనగ చిరుతిండి చేతికిస్తారు. తర్వాత తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఐదేళ్ళ దాకా వేరుశనగ మాన్పించి, మరో గుంపుకు క్రమం తప్పకుండా తినిపించారు. 2015లో వచ్చిన ఫలితం: మొదట చర్మపరీక్షలో అలర్జీ లేనివాళ్ళలో మానేసినవారిలో 13.7 శాతం మందికి, తిన్నవారిలో 1.9 శాతం మందికి వేరుశనగ అలర్జీ వచ్చింది. నోటి ద్వారా వెళ్తే శరీరం స్నేహం చేస్తుంది, చిల్లుపడిన చర్మం ద్వారా వెళ్తే పగబడుతుందన్న ఊహకు ఇది బలమిచ్చింది. ఫిలాగ్రిన్ పోయిన పిల్లలున్న ఇళ్ళలో దుమ్ములో వేరుశనగ ఎంత ఎక్కువుంటే అలర్జీ అంత పెరగడం ఆ లెక్కకే చేరుతుంది. దుమ్ముపురుగుల విషయంలో మాత్రం పుట్టకముందు నుంచే ఇల్లంతా శుభ్రం చేసి ఉబ్బసాన్ని ఆపుదామన్న ప్రయత్నాలు స్థిరమైన ఫలితం ఇవ్వలేదు.

పసితనంలో పిల్లికూతలు వచ్చిన ప్రతి బిడ్డా ఉబ్బసం రోగి కాదు. అరిజోనాలోని టూసాన్‌లో 1980 నుంచి పుట్టిన 1,246 మంది పిల్లలను వెంబడించిన అధ్యయనంలో, ఆరేళ్ళకు నూటికి 20 మంది 'మూడేళ్ళలోపు వచ్చి పోయిన' గుంపులో తేలారు. వీళ్ళవి పుట్టుకతోనే సన్నటి నాళాలు. తల్లి పొగతాగడం వాళ్ళలో ఎక్కువగా కనిపించింది, అలర్జీ కాదు. నాళాలు పెరిగాక కూతలు ఆగాయి. మరో 14 మందిలో ఆగలేదు. వీళ్ళలో అలర్జీ, తల్లికి ఉబ్బసం ఎక్కువ. మన చేపమందు పేరుకూ ఈ లెక్కకూ సంబంధం ఉంది. ఉబ్బసం పోవాలని మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం చేతుల మీదుగా కొర్రమీను పిల్లతో మందు మింగించే చేపప్రసాదానికి వరుసగా మూడేళ్ళు రమ్మంటారు. దాని గుణం వైద్య పరీక్షల్లో రుజువు కాలేదు. రెండేళ్ళ బిడ్డ ఐదేళ్ళవాడయ్యేసరికి మొదటి గుంపు పిల్లలకు ఏ మందూ లేకుండానే కూతలు పోతాయి, కీర్తి చేపకు దక్కుతుంది.

పోయినట్టు కనిపించింది మళ్ళీ రావచ్చు కూడా. న్యూజిలాండ్‌లోని డ్యూనెడిన్‌లో పుట్టినప్పటి నుంచి వెంబడించిన పిల్లల్లో, 26 ఏళ్ళ నాటికి పిల్లికూతలు ఆగకుండా సాగినవాళ్ళు నూటికి 14 మందికి పైగా ఉంటే, ఆగి తిరిగి మొదలైనవాళ్ళు 12 మంది ఉన్నారు. తిరిగి రావడం ఎంత చిన్న వయసులో మొదలైందన్న దానితో ముడిపడింది. పోకుండా సాగడానికి ఆడపిల్ల కావడం, దుమ్ముపురుగు అలర్జీ, రేపితే బిగుసుకునే నాళాలు, 21 ఏళ్ళ వయసులో చేతిలో సిగరెట్టు ఉండడం కారణాలుగా కనిపించాయి.